కుక్కపిల్ల పిలిస్తే రావాలన్నా, కరవడం మానాలన్నా ఏం చేయాలి?

కుక్కపిల్లను ఇంటికి తెచ్చుకున్న కొద్ది రోజులకే అందరూ అడిగే ప్రశ్నలు రెండు. పిలిస్తే ఎందుకు రావడం లేదు? చేతులూ కాళ్లూ ఎందుకు కరుస్తోంది? విజయవాడ పటమట అపార్ట్‌మెంట్లలో ల్యాబ్రడార్ పిల్లను తెచ్చుకున్నవాళ్లూ, సత్యనారాయణపురం సందుల్లో వీధి కుక్క పిల్లను చేరదీసినవాళ్లూ, గుంటూరు బ్రాడీపేట నుంచి ఫోన్ చేసేవాళ్లూ ఇవే అడుగుతున్నారు. అందుకే రెండింటికీ ఒకేచోట జవాబు రాస్తున్నాను.

ఒకేచోట రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఈ రెండు పాఠాలూ మీ చేతి చుట్టూనే తిరుగుతాయి. కరిచినప్పుడు కొట్టిన చేతి దగ్గరికి, పిలిచినప్పుడు ఏ పిల్లా ఇష్టంగా రాదు. ఆడిస్తూ నోట్లో పెట్టిన చేతిని మర్నాడు కరవకుండా ఉండదు. మీ చెయ్యంటే దానికి భయం ఉండకూడదు, అది ఆటబొమ్మ అనీ అనిపించకూడదు. ఇంట్లో అందరినీ ఈ ఒక్క మాటకు ఒప్పించండి. కింద రాసినవన్నీ ఆ తర్వాతే పనిచేస్తాయి.

ఈ పద్ధతి రెండు నెలల నుంచి ఆరు నెలల వయసు కుక్కపిల్లలకు. ఏ జాతి అయినా ఫరవాలేదు. నాటు కుక్క పిల్లలు చాలా త్వరగా నేర్చుకుంటాయి, ఈ విషయంలో ఎవరి మాటా విని వాటిని తక్కువగా చూడకండి. పెద్ద కుక్క కోపంతో కరిస్తే మాత్రం అది వేరే సంగతి, దానికి ఈ సలహాలు సరిపోవు.

కావలసినవి

- చిన్న తిండి ముక్కలు. ఉప్పు, కారం, మసాలా లేకుండా ఉడికించిన చికెన్ (ఎముక అసలు ఉండకూడదు), లేదా ఉడికించిన గుడ్డు. మాంసం వండని ఇళ్లలో పనీర్, ఉడికించిన చిలగడదుంప, క్యారెట్. ముక్క శనగగింజంత ఉంటే చాలు. ఇవి దాని రోజువారీ తిండిలోంచే తగ్గించి పెట్టాలి, లేకపోతే విరేచనాలు పట్టుకుంటాయి. చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లి, వెల్లుల్లి కుక్కలకు విషం. పులిహోర, బిర్యానీ మెతుకులు కూడా పెట్టకండి.
- మెడ బెల్టు, ఛాతీకి వేసే హార్నెస్, మామూలు చైన్.
- అయిదు మీటర్ల నూలు తాడు. నైలాన్ తాడు వద్దు, పిల్ల ఒక్కసారి పరుగెత్తితే మీ అరచెయ్యి కోసుకుపోతుంది.
- కొరుక్కోవడానికి గట్టి రబ్బరు బొమ్మ, ముడులు వేసిన పాత టవలు.
- తలుపు వేయగలిగే చిన్న గది, లేదా అడ్డుగా పెట్టే చిన్న గేటు.
- ఫ్రిజ్ తలుపు మీద అంటించడానికి ఒక కాగితం. ఎందుకో చివర్లో చెబుతాను.

ఎప్పుడు, ఎంతసేపు?

మూడు నుంచి అయిదు నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు, తిండి పెట్టే ముందు. అరగంట ఏకబిగిన నేర్పిస్తే పిల్ల విసిగిపోయి కరవడం మొదలుపెడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండ సంగతి మీకు తెలిసిందే. తెల్లవారి ఏడు లోపు, లేదా పొద్దుపోయాక మాత్రమే బయటికి తీసుకెళ్లండి. డాబా గచ్చు, తారు రోడ్డు చీకటి పడ్డాక కూడా కాలుతూనే ఉంటాయి. మీ చేతి వెనుక భాగాన్ని నేల మీద ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీరు ఉంచలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవు.

మొదటి భాగం: పిలిస్తే రావడం

1. పిలిచే మాట ఒకటే పెట్టుకోండి. నాయనమ్మ "రామ్మా" అని, నాన్న "కమాన్" అని, పిల్లలు "ఏయ్ ఇటు" అని పిలిస్తే దానికి ఏదీ అర్థం కాదు. "రా" అనే మాటను మనం ఇంట్లో ఒకరినొకరం పొద్దస్తమానం వాడుతూనే ఉంటాం కాబట్టి అది పిల్ల చెవికి ఆనదు. "ఇక్కడ", "దగ్గర" లాంటి మాట కానీ, నాలుకతో చేసే ఒక శబ్దం కానీ, ఈల కానీ ఎంచుకుని అందరూ అదే వాడండి. పేరు వేరు, పిలుపు వేరు. పేరు పిలిస్తే మీ వైపు చూడాలి, పిలుపు మాట వింటే మీ దగ్గరికి రావాలి.

2. ఆ మాటకు తిండిని జతచేయండి. పిల్ల మీ కాళ్ల దగ్గరే ఉన్నప్పుడు మాట అనండి, వెంటనే ముక్క పెట్టండి. అంతే. అది ఏమీ చేయనక్కర్లేదు. ఒక విడతకు పదిసార్లు, రెండు మూడు రోజులు ఇలా చేయండి. మాట ముందు, ముక్క తర్వాత. ముక్క చూపించి మాట అంటే అది మాట వినదు, ముక్కనే చూస్తుంది. మీరు మాట అనగానే తల గబుక్కున తిప్పి చేతి వైపు చూస్తోందంటే తర్వాతి మెట్టుకు వెళ్లొచ్చు.

3. రెండడుగుల దూరం నుంచి పిలవండి. గదిలో ఫ్యాను తప్ప ఇంకే చప్పుడూ వద్దు, టీవీ కట్టేయండి. కిందికి వంగి, కాస్త పక్కకు తిరిగి, సంతోషంగా ఒక్కసారే పిలవండి. ఎదురుగా నిటారుగా నిలబడి దాని మీదికి వంగితే చిన్న పిల్ల జంకుతుంది. వచ్చాక ముక్కలన్నీ ఒకేసారి పెట్టకుండా మూడు నాలుగు ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి ఇవ్వండి. మీ దగ్గర ఆగి ఉండటం కూడా అలా అలవాటవుతుంది.

4. బెల్టు పట్టుకోవడం అలవాటు చేయండి. చాలామంది ఈ మెట్టు వదిలేస్తారు. చివరికి పిల్ల దగ్గరిదాకా వచ్చి, చెయ్యి చాపగానే చటుక్కున వెనక్కి ఎగిరి పారిపోతుంది. అందుకని వచ్చిన ప్రతిసారీ ముందు ఒక చేత్తో మెడ బెల్టు మెల్లగా పట్టుకోండి, రెండో చేత్తో ముక్క పెట్టండి, వదిలేయండి. పట్టుకోవడం, పెట్టడం, వదిలేయడం, ఇదే వరుస. పట్టుకున్న ప్రతిసారీ కట్టేస్తే అది నాలుగు రోజుల్లో గుర్తుపడుతుంది. పదిసార్లు పట్టుకుంటే తొమ్మిదిసార్లు మళ్లీ ఆటకు వదలాలి.

5. ఇద్దరి మధ్య పిలవండి. హాలుకు ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు కూర్చుని మార్చి మార్చి పిలవండి. ఒకరు పిలుస్తున్నప్పుడు రెండోవాళ్లు పూర్తిగా మౌనంగా ఉండాలి, చూపు కూడా కలపకూడదు. ఇంట్లో స్కూలు పిల్లలుంటే ఈ ఆట వాళ్లకు అప్పగించండి, వాళ్లు బాగా ఆడిస్తారు. తర్వాత ఒకరు తలుపు చాటుకో వంటింట్లోకో వెళ్లి పిలవండి. కనబడని మనిషిని వెతుక్కుంటూ రావడం పిల్లకు చాలా ఇష్టం, పిలుపు గట్టిపడేది కూడా ఇక్కడే.

6. తాడుతో బయట. టీకాలు పూర్తి కాని పిల్లను వీధి కుక్కలు తిరిగే చోట నేల మీద దింపకండి, పార్వో (వాంతులు, రక్త విరేచనాలు పట్టించే వైరస్ జబ్బు) సోకితే చాలా ప్రమాదం. ఆ టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలై, మూడు నాలుగు వారాల కొకసారి చొప్పున దాదాపు పదహారు వారాల వయసు వరకు పడతాయి. అప్పటిదాకా సొంత డాబా, వరండా చాలు. డాబా మీదైతే పిట్టగోడలో సందులున్నాయేమో చూసుకోండి. టీకాలయ్యాక, డాక్టరు సరేనన్నాక, అయిదు మీటర్ల తాడును హార్నెస్‌కు కట్టి సెల్లార్‌లోనో ఖాళీ స్థలంలోనో మళ్లీ మూడో మెట్టు నుంచి మొదలుపెట్టండి. తాడును మెడ బెల్టుకు కట్టకండి, పరుగు మీద ఆగితే మెడకు దెబ్బ తగులుతుంది. తాడు లాగి తెచ్చుకోవడానికి కాదు, పారిపోకుండా ఉండటానికే.

బయట రాకపోతే ఏం చేయాలి? మళ్లీ మళ్లీ పిలవకండి. వెంటపడకండి, వెంటపడితే అది ఆట అనుకుంటుంది. చేతులు చరుస్తూ మీరే దానికి ఎదురు దిక్కుకు నాలుగడుగులు పరుగెత్తండి. తొంభై శాతం పిల్లలు వెనకే వస్తాయని ఎవరైనా లెక్క చెబితే నమ్మక్కర్లేదు కానీ, వెంటపడటం కన్నా ఇది ఎంతో మేలు. అప్పటికీ రాకపోతే తాడు పట్టుకుంటూ నెమ్మదిగా దాని దగ్గరికి వెళ్లి, తిట్టకుండా, ముక్క ముక్కు దగ్గర పెట్టి మీతో తీసుకురండి. తర్వాతిసారి దూరం సగానికి తగ్గించండి.

తాడు లేకుండా వదిలే తొందర వద్దు. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ గట్ల మీద, కృష్ణ ఒడ్డు ఘాట్ల దగ్గర, ట్రాఫిక్ ఉండే ఏ రోడ్డు పక్కనా ఎంత బాగా నేర్చుకున్న పిల్లనూ వదలకండి. దసరా రోజుల్లో ఇంద్రకీలాద్రి చుట్టుపక్కల, వన్‌టౌన్‌లో ఉండేవాళ్లు బయటి పాఠం ఆపేయండి. దీపావళికి అందరూ ఆపేయాలి. టపాసుకు బెదిరిన పిల్లకు ఏ పిలుపూ వినబడదు.

ఇక్కడ జరిగే తప్పులు

అన్నిటికన్నా పెద్దది, పిలిచి ఇష్టం లేని పని చేయడం. "ఇక్కడ" అని పిలిచి స్నానం చేయిస్తారు, మందు వేస్తారు, గదిలో పెట్టి తాళం వేసి ఆఫీసుకు వెళ్తారు. వారం తిరిగేసరికి పిలుపు చెడిపోతుంది. స్నానానికీ మందుకీ మీరే వెళ్లి ఎత్తుకురండి, పిలవకండి.

రెండోది, ఆలస్యంగా వచ్చిందని తిట్టడం. చెప్పు కొరికి, పది నిమిషాల తర్వాత మీ దగ్గరికి వచ్చిన పిల్లను కొడితే అది చెప్పుతో ముడిపెట్టుకోదు, మీ దగ్గరికి రావడంతో ముడిపెట్టుకుంటుంది. ఎంత విసుగొచ్చినా వచ్చినందుకు మెచ్చుకోవాల్సిందే.

మూడోది, తిండిని తొందరగా మానేయడం. మొదటి రెండు నెలలు వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి పెట్టండి. తర్వాత ఒక్కోసారి ముక్క, ఒక్కోసారి బొమ్మ, ఒక్కోసారి మెడ నిమరడం.

సరిగ్గా వస్తోందా? రోజు మొత్తం మీద, మీకు తోచిన వేళల్లో, పదిసార్లు ఒక్కొక్కసారే పిలిచి చూడండి. మూడు సెకన్లలోపు బయల్దేరితేనే వచ్చినట్టు లెక్క. ఎనిమిదిసార్లు, ఆపైన వస్తే తర్వాతి మెట్టుకు వెళ్లండి. అయిదు నుంచి ఏడు అయితే అక్కడే ఉండండి. అంతకన్నా తక్కువైతే ఒక మెట్టు కిందికి దిగండి. వరుసగా రెండుసార్లు రాకపోతే ఆ పూటకు ఆపేయండి.

రెండో భాగం: కరవడం

పిల్లకు పాల పళ్లు 28. మూడున్నర, నాలుగు నెలల నుంచి అవి ఊడుతూ, ఆరేడు నెలలకు 42 గట్టి పళ్లు వస్తాయి. చిగుళ్లు సలుపుతుంటాయి కాబట్టి ఏదో ఒకటి కొరుకుతుంది. తోబుట్టువులతో ఆడుకునేదీ నోటితోనే. ఎంత గట్టిగా కరిస్తే ఎదుటివాళ్లకు నొప్పి పుడుతుందో తల్లీ తోబుట్టువులే నేర్పుతారు. ముప్పై, ముప్పై అయిదు రోజుల పిల్లను తెచ్చేస్తే ఆ పాఠం సగంలో ఆగిపోతుంది, మీరు ఎక్కువ కష్టపడాలి. వీలైతే ఎనిమిది వారాలు నిండాకే తెచ్చుకోండి.

1. ముందు నిద్ర చూడండి. ఈ వయసు పిల్లలు రోజుకు పద్దెనిమిది నుంచి ఇరవై గంటలు నిద్రపోవాలి. మన ఇళ్లలో అది దొరకదు. వచ్చిన చుట్టం ఎత్తుకుంటాడు, స్కూలు నుంచి వచ్చిన పిల్లలు లేపుతారు. సాయంత్రం ఏడు, ఎనిమిది వేళ ఇల్లంతా పరుగులు పెడుతూ అందరినీ కరిచే పిల్లల్లో చాలావరకు నిద్ర చాలనివే. గంట మేలుకుంటే, తర్వాత చల్లగా చీకటిగా ఉన్న గదిలో పడుకోబెట్టండి. కొన్ని ఇళ్లలో ఈ ఒక్కదానితోనే కరవడం సగం తగ్గుతుంది. ఆకలి, ఒంటికి, రెంటికి వెళ్లాల్సిన అవసరం కూడా చూసుకోండి.

2. కొరకడానికి ఏదో ఒకటి చేతికందేలా ఉంచండి. ప్రతి గదిలో ఒక బొమ్మ. పళ్లు మారే రోజుల్లో ముడి వేసిన టవలు తడిపి ఫ్రీజర్‌లో పెట్టి ఇవ్వండి, చిగుళ్లకు హాయిగా ఉంటుంది. ఫ్రిజ్‌లో చల్లబరిచిన లావు క్యారెట్ కూడా మంచిదే, అయితే మీరు పక్కనే ఉండాలి. పాత చెప్పు ఇవ్వకండి. పాతదేదో కొత్తదేదో దానికి తెలియదు. ఉడికించిన ఎముకలు పుల్లల్లా విరిగి పేగుల్లో గుచ్చుకుంటాయి, వాటి జోలికే వెళ్లొద్దు.

3. పళ్లు ఒంటికి తగిలిన క్షణంలో ఆట ఆపండి. చెయ్యి విదిలించకండి, కదిలే చెయ్యి దానికి ఇంకా ఉత్సాహం. చేతిని కదపకుండా ఉంచి, అది వదలగానే బొమ్మ అందించండి. బొమ్మ పట్టుకుంటే మెచ్చుకుని ఆడించండి. మళ్లీ చేతికే వస్తే ఏమీ మాట్లాడకుండా లేచి, గేటు అవతలికి వెళ్లి ఇరవై, ముప్పై సెకన్లు నిలబడి తిరిగి రండి. కోపం చూపించక్కర్లేదు. "పళ్లు తగిలితే మనిషి వెళ్లిపోతాడు" అన్నది ఒక్కటే అర్థం కావాలి. వరుసగా మూడుసార్లు ఇలా జరిగితే అది అలసిపోయిందని లెక్క, పడుకోబెట్టండి.

4. మూసిన పిడికిలి పాఠం. పిడికిట్లో ఒక ముక్క పెట్టుకుని దాని ముక్కు ముందు ఉంచండి. నాకుతుంది, పళ్లతో గీకుతుంది, కాలితో గోకుతుంది. పిడికిలి తెరవకండి. ముక్కు వెనక్కి తీసిన క్షణంలో చెయ్యి తెరిచి ముక్క పెట్టండి. రెండు రోజుల్లో పిడికిలి చూడగానే వెనక్కి కూర్చునే పిల్లలున్నాయి. పళ్లు మరీ పదునుగా ఉంటే మొదట పాత తోలు గ్లౌజు వేసుకోండి. నన్నడిగితే కరవడం మాన్పించడానికి అన్నిటికన్నా బాగా పనిచేసేది ఇదే.

5. చీర కుచ్చిళ్లు, లుంగీ, చున్నీ. ఊగే బట్ట కనబడితే పిల్ల ఆగలేదు. లాగితే లాగుడు ఆట మొదలవుతుంది. అక్కడే ఆగి, కొంగు కదపకుండా, బొమ్మ ఎర చూపించండి. పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే పడిపోయే ప్రమాదం ఉంది. వాళ్లు నడిచే వేళ పిల్లను గేటు అవతల ఉంచండి, లేదా ఒంటికి చిన్న తాడు కట్టి మీ చేతిలో పెట్టుకోండి.

6. చిన్న పిల్లలు. కరవగానే కేక పెట్టి పరుగెత్తుతారు, కుక్కపిల్ల వెంటపడుతుంది. వాళ్లకు నేర్పించాల్సింది కదలకుండా నిలబడి, చేతులు చంకల్లో పెట్టుకుని, పైకి చూడటం. అయిదేళ్ల లోపు పిల్లలను కుక్కపిల్లతో ఒంటరిగా ఒక్క నిమిషం కూడా వదలొద్దు.

చేయకూడనివి కూడా స్పష్టంగా చెప్పాలి. ముక్కు మీద కొట్టడం, నోరు మూసి పట్టుకోవడం, గొంతులోకి వేలు పెట్టడం, వెల్లకిలా పడేసి అదిమి పట్టడం. ఇవి చేయమని మీకు ఎవరో ఒకరు చెబుతారు. చేస్తే కొన్ని పిల్లలు ఇంకా గట్టిగా కరుస్తాయి, కొన్ని మీ చెయ్యి చూస్తేనే మంచం కింద దూరతాయి, మొదటి భాగంలో నేర్పిందంతా పోతుంది. "కుయ్" మని అరిచి చూపించే పద్ధతి కొన్నిటికి పనిచేస్తుంది, కొన్నిటికి హుషారు పెంచుతుంది. రెండుసార్లు ప్రయత్నించి, హుషారు పెరిగితే మానేయండి.

తగ్గుతోందా? ఫ్రిజ్ మీది కాగితం ఇప్పుడు కావాలి. రోజూ రెండే రాయండి: ఎన్నిసార్లు కరిచింది, చర్మం మీద గుర్తు పడిందా లేదా. మొదటి మూడు నాలుగు రోజులు పెరిగినట్టు కనబడితే టెన్షన్ పడొద్దు, పాత పద్ధతి ఎందుకు పనిచేయడం లేదో అది పరీక్షిస్తోంది. ముందు గుర్తులు తగ్గుతాయి, తర్వాతే లెక్క తగ్గుతుంది. మూడు వారాలైనా రెండూ తగ్గకపోతే ఇంట్లో ఎవరో ఒకరు చేత్తో ఆడిస్తున్నారు. తాతగారినో తమ్ముడినో కోప్పడకుండా కనుక్కోండి.

ఇవి ఆటగా తీసుకోవద్దు

రక్తం వచ్చినా, చర్మం గీరుకుపోయినా సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం పెట్టకండి, కట్టు కట్టకండి. "ఇంట్లో పిల్లే కదా" అని ఆగకుండా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. వీధి నుంచి తెచ్చిన పిల్ల అయినా, దానికి టీకా పడకపోయినా ఇది ఇంకా ముఖ్యం. విజయవాడ, గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితం. ఎన్ని డోసులు చెబితే అన్నీ వేయించుకోండి, మధ్యలో మానకండి. కుక్కపిల్లకు మొదటి రేబిస్ టీకా మూడు నెలలు నిండాక వేయిస్తారు, తర్వాత డాక్టరు చెప్పిన లెక్కన ఏటా.

ఆట కరుపులో పిల్ల ఒళ్లు వదులుగా ఉంటుంది, తోక ఊగుతుంటుంది. అలా కాకుండా ఒళ్లు బిగదీసుకుని, కదలకుండా గుచ్చి చూస్తూ, తిండి గిన్నె దగ్గరో ఎముక దగ్గరో గుర్రుమంటే, ఎత్తుకోగానే ఒకేచోట నొప్పిగా అరిచి కరిస్తే పశువైద్యుడికి చూపించండి. దగ్గర్లో పశువుల ఆసుపత్రి ఉంటే అక్కడికి, లేదంటే గన్నవరం వెటర్నరీ కాలేజీకి. చూపించేదాకా గిన్నెలో చెయ్యి పెట్టి పరీక్షించడం, తింటుండగా గిన్నె లాక్కోవడం ఆపేసి, వేరే గదిలో ఒంటరిగా తిననివ్వండి.